తిమింగిలముల పునరభివృద్ధి

తిమింగిలము నీటిలో నివసించునదైనను చేప కాదు. అది మనవలె ఊపిరితిత్తులతో గాలి పీల్చును. పిల్లను కని, పాలిచ్చి పెంచును. కొన్ని చేపలు ఒక్కసారి లక్షల గ్రుడ్లు పెట్టును. పెద్ద తిమింగిలమో, రెండు మూడేండ్లకు ఒక పిల్లను మాత్రమే కనును. ఈ భేదమును జ్ఞాపకముంచుకొన్నచో, వేటవలన ఈ జంతువులకు కలిగిన నష్టమును, పిదప అవి కోలుకొనిన విధమును సులభముగా గ్రహింపవచ్చును.

వేట పెరిగిన విధము

పూర్వము నావికులు పడవలపై వెళ్ళి చేతితో బల్లెము విసరి తిమింగిలమును చంపెడివారు. వేగముగా ఈదు నీలి తిమింగిలము వారికి చిక్కెడిది కాదు. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున నార్వే దేశీయుడగు స్వెన్ ఫోయిన్ ఆవిరి ఓడపై ఫిరంగి నమర్చి, దానినుండి ప్రేలుడు బల్లెమును ప్రయోగించు పద్ధతిని నెలకొల్పెను. 1904లో లార్సెన్ అనునతడు దక్షిణ అట్లాంటిక్ సముద్రమందలి దక్షిణ జార్జియా ద్వీపమున వేటకేంద్రమును స్థాపించెను. కొవ్వునుండి తీసిన నూనె సబ్బులకును, వెన్నకు బదులు వాడు మార్గరీనుకును పనికివచ్చెను. 1925 నుండి తిమింగిలమును ఓడపైకే లాగి కోయు కర్మాగార నౌకలు వచ్చుటతో తీరముతో పని లేకపోయెను. 1930-31లో, ఒక్క ఋతువులో, అంటార్కిటిక్ సముద్రములలో 29,000కు పైగా నీలి తిమింగిలములు చంపబడినవి.

1946లో అంతర్జాతీయ ఒప్పందము కుదిరినది. కాని అందలి లెక్కయే దోషభూయిష్టము. నూనె పరిమాణమునుబట్టి ఒక నీలి తిమింగిలమును రెండు ఫిన్ తిమింగిలములకు, రెండున్నర హంప్‌బ్యాక్ తిమింగిలములకు, లేక ఆరు సేయ్ తిమింగిలములకు సమానముగా ఎంచిరి. ఏటి మొత్తమునకే పరిమితి. ఏ జాతికి ఎన్ని అను నియమము లేదు. కావున నీలి తిమింగిలములు అరుదైన కొలదియు, కనబడినదానిని విడువక చంపుటయే వేటగాండ్రకు లాభమాయెను. దక్షిణార్ధగోళమున హంప్‌బ్యాక్ వేటను 1963లో నిషేధించిరి. సోవియట్ నౌకలు అటుపిమ్మటను రహస్యముగా వేటాడిన సంగతి 1990 తరువాత బయటపడినది. 1982లో చేసిన నిర్ణయము ప్రకారము 1985-86 నుండి వాణిజ్యపు వేట ఆపబడినది. అయినను నార్వే దీని కభ్యంతరము తెలిపి వేట సాగించుచున్నది. జపాను 2019లో ఆ సంఘమును వీడి వాణిజ్యపు వేటను మరల ప్రారంభించినది.

చక్రవడ్డీ లెక్క

బ్రెజిలు తీరమున పిల్లలను కని, దక్షిణ జార్జియా ప్రాంతమున మేయు హంప్‌బ్యాక్ తిమింగిలములు వేటకు పూర్వము దాదాపు 27,000 ఉండెడివని అంచనా. 1950 ప్రాంతములలో అవి సుమారు 450కి దిగిపోయెను. 2019లో వెలువడిన అంచనా ప్రకారము అవి దాదాపు 25,000.

ఇది అద్భుతము కాదు; చక్రవడ్డీయే. ఏటేట నూటికి 7 చొప్పున పెరుగు సంఖ్య సుమారు పదేండ్లకు రెట్టింపగును. 450ని ఆరుసార్లు రెట్టింపు చేసినచో 28,800 వచ్చును. అనగా అరువదేండ్లు. జరిగినదియు అంతే.

ఇక అంటార్కిటిక్ నీలి తిమింగిలముల లెక్క చూడుడు. అవి పూర్వము దాదాపు 2,39,000. 1973 నాటికి మిగిలినవి సుమారు 360. అంతే వేగముతో పెరిగినను, తొమ్మిది రెట్టింపులకు కూడ పూర్వసంఖ్య రాదు. తొంబదేండ్లు పైగా పట్టును. 1998 నాటికి అవి రెండు వేల పైచిలుకు మాత్రమే. వేగము ఒక్కటియే అయినను, మిగిలిన అసలు తక్కువగుటచే ఫలము ఆలస్యమగుచున్నది.

వేట ఆగిన చాలునా?

చాలదు. ఉత్తర అట్లాంటిక్ సముద్రపు రైట్ తిమింగిలములకు 1935 నుండియే రక్షణ కలదు. అయినను నేడవి 400కు లోపుగనే యున్నవి. ఓడలు తగిలియు, చేపల వేటకై వేసిన త్రాళ్ళలో చిక్కియు అవి చనిపోవుచున్నవి. ఇంత చిన్న గుంపులో ఏటికి కొన్ని ఆడువి చనిపోయినను వృద్ధి నిలిచిపోవును. అసలుకే లోటు వచ్చినప్పుడు వడ్డీ ఎక్కడిది?

ఉపాధ్యాయులు ఈ లెక్కలను తరగతిలో విద్యార్థులచే చేయింపవచ్చును. చక్రవడ్డీ ధనమునకే కాదు, ప్రాణికోటికిని వర్తించునని వారు తెలిసికొందురు. నష్టమునకు కొన్ని ఋతువులు చాలును. దానిని పూరించుటకు మనుష్యుని జీవితకాలము కూడ చాలకపోవచ్చును.