రెండు పుస్తకాలు - ఒక తప్పు కుట్టు

బాలలూ! ఒక పుస్తకంలో "ఎల్లప్పుడూ" అనే మాటతో ఒక పుట ముగిసింది. తరువాతి పుటలో "నిజమే చెప్పండి" అని ఉన్నది. ఇంకొక పుస్తకంలో ఒక పుట చివర "గంట కొట్టినప్పుడే" అనీ, తరువాతి పుటలో "పరుగెత్తండి" అనీ ఉన్నది. బైండు చేసేవాడు పొరపాటున మొదటి పుస్తకం పుటకు రెండవ పుస్తకం పుట చేర్చి కుట్టాడనుకోండి. ఏమవుతుంది? "ఎల్లప్పుడూ పరుగెత్తండి!" అక్షరం ఒక్కటీ మారలేదు. అర్థం మాత్రం తలకిందులైంది.

మన శరీరంలో కూడా ఎప్పుడో ఒకప్పుడు ఇటువంటి పొరపాటు జరుగుతుంది. శరీరం కోట్లకొలది జీవకణాలతో ఏర్పడింది. దాదాపు ప్రతి కణంలోనూ 46 క్రోమోజోములు ఉంటవి. అవే మన పుస్తకాలు. కణం ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు ఆగాలో తెలిపే ఆజ్ఞలు వాటిలోని జన్యువులలో ఉంటవి.

1966లో మెక్‌డివిట్, స్టూవర్ట్ అనే వైద్యులు పిల్లలలో కనిపించిన ఒక వింత రొమ్ము కాన్సరును వర్ణించారు. దాని కణాలలో ఒక ద్రవం ఊరుతూ ఉంటుంది. అందుచేత దానిని స్రావక కాన్సరు అనవచ్చు. ఇది పెద్దలకూ, మగవారికీ కూడా రావచ్చు. కాని బహు అరుదు. రొమ్ము కాన్సర్లలో నూటికి ఒకటికన్న తక్కువ.

దీని మూలం 2002లో బయటపడింది. ఒక కణంలో 12వ క్రోమోజోమూ, 15వ క్రోమోజోమూ తెగి, ముక్కలు తారుమారై అతుక్కుంటవి. 15వ దానిలో ఎన్‌టిఆర్‌కె3 అనే జన్యువు ఉన్నది. దాని వల్ల తయారయ్యే ప్రోటీను బయటినుంచి కబురు వస్తేనే "పెరగండి" అంటుంది. 12వ దానిలోని ఇటివి6 జన్యువు ముక్క వచ్చి దానికి అతుక్కుంటే, ఇక కబురుతో పని లేదు. ఎల్లప్పుడూ అదే ఆజ్ఞ! కణాలు ఆగక పెరిగి గడ్డ కడతవి.

ఈ పొరపాటు ఎటువంటి కణంలో మొదలవుతుంది? 2007లో ఎలుకలపై చేసిన పరిశోధనలో, ఇంకా పూర్తిగా పాలగ్రంథి కణాలుగా మారని లేతకణాలలో మొదలవుతుందని తేలింది.

ఇది తాతతండ్రుల నుంచి దిగివచ్చే పొరపాటు కాదు. అంటుకునేదీ కాదు. రోగి చేసిన తప్పుకు శిక్ష అంతకన్నా కాదు.

తప్పు ఎక్కడున్నదో తెలిస్తే దిద్దే మార్గం దొరుకుతుంది. ఈ గడ్డ సాధారణంగా నెమ్మదిగా పెరుగుతుంది; శస్త్రచికిత్సతో తీసివేస్తారు. శరీరంలో పాకిన వారికి ఆ తప్పుడు ఆజ్ఞనే అణచివేసే లారోట్రెక్టినిబ్ అనే మందు ఉన్నది. 2018లో అమెరికాలో దానికి అనుమతి లభించింది.

బాలలూ! ఒంటిమీద ఎక్కడ గడ్డ కనిపించినా సిగ్గుపడి దాచకండి. వెంటనే అమ్మతోనో, నాన్నతోనో చెప్పండి. పిల్లలలో కనిపించే గడ్డలు చాలావరకు కాన్సరు కావు. కాని ఆ మాట చూచి చెప్పవలసినవాడు డాక్టరు.