తూర్పు కొండ మీద వెలుగు

లద్దాఖ్ సరిహద్దులో ఆరు నెలలపాటు సైన్యానికి కంటిమీద కునుకు లేకుండా చేసిన ఆ వెలుగులు ఎక్కడివి? వాటి గుట్టు ఎలా బయటపడింది?

లద్దాఖ్‌లోని పాంగాంగ్ సరస్సు సముద్ర మట్టానికి 4,200 మీటర్లకు పైన ఉంటుంది. నీళ్లు ఉప్పగా ఉన్నా శీతాకాలంలో గడ్డకట్టి రాయిలా మారతాయి. పొడవు సుమారు 134 కిలోమీటర్లు. అందులో మూడో వంతు మాత్రమే మన అధీనంలో ఉంది. తూర్పున ఉన్న మిగతా భాగమంతా చైనా చేతిలోనే. 2012 ఆగస్టు నుంచి ఆ ప్రాంతపు పోస్టుల్లో కాపలా కాసే జవాన్లకు రాత్రిపూట వింత వెలుగులు కనిపించసాగాయి. చైనా వైపు కొండల అంచు మీద పసుపుపచ్చటి గోళమొకటి లేచేది. చప్పుడు లేదు, తొందర లేదు. మూడు నుంచి ఐదు గంటల సేపు ఆకాశంలో మెల్లగా సాగి కనుమరుగయ్యేది. మర్నాడు మళ్లీ వచ్చేది.

ఆగస్టు 1 నుంచి అక్టోబరు 15 లోగా సైన్యం, ఇండో టిబెటన్ సరిహద్దు పోలీసు దళం కలిసి ఇలాంటివి వందకు పైగా నమోదు చేశాయి. లేహ్‌లోని 14వ కోర్ నుంచి ఢిల్లీకి నివేదికలు వెళ్లాయి. 2013 ఫిబ్రవరి నాటికి సరస్సు దక్షిణపు ఒడ్డున ఉన్న థాకుంగ్ ప్రాంతంలో రాసిన లెక్క 329కి చేరింది. వాటిలో 155 సార్లు ఆ వెలుగు వాస్తవాధీన రేఖ దాటి మన గగనతలంలోకి వచ్చిందని పుస్తకంలో ఎక్కించారు. పొరుగు దేశం గూఢచారి డ్రోన్లు పంపుతోందన్న అనుమానం బలపడింది.

రాడార్‌కు చిక్కని గోళం

సైన్యం ఊహాగానాలతో సరిపెట్టుకోలేదు. తరలించడానికి వీలున్న రాడార్‌ను, రేడియో తరంగాలను పసిగట్టే స్పెక్ట్రమ్ ఎనలైజర్‌ను పాంగాంగ్ దగ్గరి కొండ మీదికి ఎక్కించింది. కంటికి స్పష్టంగా కనిపిస్తున్న వస్తువు రాడార్ తెర మీద లేదు. అయితే అది లోహంతో చేసింది కాదేమో అనుకున్నారు. దాని వెంట మన డ్రోన్‌నే పంపారు. డ్రోన్ తాను ఎగరగలిగినంత ఎత్తుకు వెళ్లింది, వెలుగు మాత్రం అందలేదు. డీఆర్‌డీవో వాళ్లు, జాతీయ సాంకేతిక పరిశోధన సంస్థ వాళ్లు కూడా అదేమిటో తేల్చలేకపోయారు. చివరకు విషయం పార్లమెంటు దాకా వెళ్లింది. గుర్తు తెలియని ఎగిరే వస్తువులు ఉన్నాయనడానికి కచ్చితమైన రుజువు లేదని రక్షణ మంత్రి ఎ.కె. ఆంటోనీ జవాబిచ్చారు.

రాడార్‌లో ఏమీ కనిపించకపోవడం అప్పట్లో అందరినీ భయపెట్టింది. నిజానికి జవాబు అందులోనే ఉంది. రాడార్ పంపిన తరంగం వస్తువును తాకి తిరిగొస్తేనే తెర మీద చుక్క పడుతుంది. వంద కిలోమీటర్ల దూరంలోని విమానం నుంచైతే సెకనులో వెయ్యో వంతు గడవకముందే అది తిరిగొచ్చేస్తుంది. జవాన్లు చూస్తున్న వెలుగు ఎంత దూరంలో ఉందంటే, అదే తరంగం అక్కడికి వెళ్లి రావడానికి గంటకు పైగా పట్టేది. అంత దూరం నుంచి వచ్చే ప్రతిధ్వనిని పట్టే శక్తి సరిహద్దు రాడార్‌కు ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

రోజుకు నాలుగు నిమిషాలు

పాంగాంగ్‌కు దక్షిణాన సుమారు 150 కిలోమీటర్ల దూరంలో హాన్లే ఉంది. బెంగళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థ వాళ్ల వేధశాల అక్కడ 4,500 మీటర్ల ఎత్తున ఉంటుంది. రెండు మీటర్ల అద్దం ఉన్న హిమాలయన్ చంద్ర టెలిస్కోపును బెంగళూరు శివార్లలోని హోస్కోటే నుంచి ఉపగ్రహం ద్వారా నడుపుతారు. దేశంలో ఆకాశాన్ని చదవడం బాగా తెలిసినవాళ్లు ఆ పోస్టులకు ఒక్కరోజు ప్రయాణపు దూరంలోనే ఉన్నారన్నమాట.

2012 సెప్టెంబరులో హాన్లే ఖగోళవేత్తలు మూడు రోజులు పరిశీలించారనీ, గ్రహాలూ ఉల్కలూ కావన్నారనీ ఆనాటి పత్రికల్లో వచ్చింది. అదే ఆఖరి మాట అయ్యుంటే ఈ కథ ఇప్పటికీ మిస్టరీగానే మిగిలేది. తర్వాత సైన్యం మళ్లీ ఖగోళ భౌతిక సంస్థ తలుపు తట్టింది. ఇద్దరు ఖగోళవేత్తలకు పని అప్పగించారు. ఆ వస్తువులు ఆకాశానివా, భూమివా తేల్చడమే ఆ పని అని వారిలో ఒకరైన తుషార్ ప్రభు తర్వాత పత్రికకు చెప్పారు. ఆ వెలుగులు స్థిరమైన నక్షత్రాలతో పోలిస్తే ఎలా కదులుతున్నాయో నమోదు చేయించారు. రెండు వెలుగులు తేలాయి. ఒకటి సాయంత్రం ఆరు ప్రాంతంలో కనిపించి తెల్లవారుజామున ఐదింటి దాకా ఉండేది. రెండోది నాలుగింటికి మొదలై పగలు పదకొండు వరకూ కనిపించేది. మొదటిది గురుడు, రెండోది శుక్రుడు. సంగతి 2013 జులైలో కోల్‌కతా నుంచి వచ్చే ‘టెలిగ్రాఫ్’ పత్రిక బయటపెట్టింది.

ఇది ఎలా తేలుతుందో కాస్త ఆగి చూడాలి. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుండడం వల్ల ప్రతి నక్షత్రమూ ముందు రోజు కంటే సుమారు నాలుగు నిమిషాలు ముందే ఉదయిస్తుంది. గురుడు చాలా నిదానంగా కదిలే గ్రహం కాబట్టి అతనిదీ దాదాపు అదే లెక్క. మూడు రోజులు చూస్తే తేడా పన్నెండు నిమిషాలు. కొండల మధ్య, మబ్బుల మధ్య, చలికి చేతులు కొంకర్లు పోయే చోట పన్నెండు నిమిషాల తేడా ఎవరి కంటికి ఆనుతుంది? అదే నెల రోజులైతే రెండు గంటలు. ఆరు నెలలైతే పన్నెండు గంటలు. ఆగస్టులో నడిరాత్రి దాటాక లేచిన గురుడు డిసెంబరు వచ్చేసరికి సూర్యాస్తమయం వేళకే తూర్పున సిద్ధంగా ఉంటాడు. డ్రోన్ నడిపేవాడు ఎవడూ ఆరు నెలలపాటు రోజుకు నాలుగు నిమిషాల చొప్పున ముందుకు జరుపుకుంటూ రాడు. నా మటుకు ఈ మొత్తం వ్యవహారంలో ముఖ్యమైన సాక్ష్యం జవాన్లు రాసిన వేళల పట్టికే. కనిపించిన ప్రతిసారీ విసుక్కోకుండా పుస్తకంలో ఎక్కించారు కాబట్టే శాస్త్రవేత్తలు అడగాల్సిన ప్రశ్నకు చోటు దొరికింది.

మరి ఆ వెలుగు చైనా వైపు నుంచే వచ్చి మన వైపు ఎందుకు చొరబడేది? పోస్టు నుంచి చూస్తే చైనా తూర్పున ఉంది. సూర్యుడూ చంద్రుడూ నక్షత్రాలూ అన్నీ అటు నుంచే లేచి ఇటు వస్తాయి. ఆ 155 ‘చొరబాట్ల’ వెనక ఉన్నది భూభ్రమణం.

తెలుగు పంచాంగం తిరగేస్తే ఆ ఏడాది నందన నామ సంవత్సరం. 2012 మేలో గురుడు వృషభ రాశిలో ప్రవేశించాడనే నర్మదా నదికి పుష్కరాలు జరిగాయి. మన వాళ్లు వెళ్లి మునిగి వచ్చారు. ఆ గురుడే శీతాకాలంలో రోహిణికీ కృత్తికలకూ నడుమ నిలిచి, డిసెంబరు 3న భూమికి అటు సూర్యుడు, ఇటు తాను అన్నట్టు సరిగ్గా ఎదురుకు వచ్చాడు. అప్పుడతని దూరం దాదాపు 61 కోట్ల కిలోమీటర్లు. ఏడాది మొత్తంలో అతను అతి ప్రకాశంగా కనిపించే కాలం అదే. శుక్రుడు ఆ జూన్ నుంచే వేగుచుక్కగా తూర్పున వెలుగుతున్నాడు. రాత్రి ఒకరు, వేకువన మరొకరు కాపలా మారినట్టు వచ్చారు.

గ్రహమని కళ్లకు తెలియదా?

మైదానాల్లో పెరిగిన మన కళ్లకు ఆ ఆకాశం కొత్త. అంత ఎత్తులో గాలి పీడనం సముద్ర మట్టంలో ఉండేదానిలో అరవై శాతానికి కాస్త అటూఇటూ. తేమ లేదు, దుమ్ము లేదు, కనుచూపు మేరలో వీధి దీపం లేదు. గ్రహం మన ఊళ్లో కనిపించే దానికంటే ఎంతో కాంతిమంతంగా ఉంటుంది. శుక్రుణ్ణి తెల్లవారుజాము నుంచి కన్ను మరల్చకుండా చూస్తూ ఉంటే, ఎండెక్కాక కూడా నీలాకాశంలో తెల్లటి చుక్కగా పట్టుకోవచ్చు. పదకొండింటి దాకా కనిపించిందన్న జవాన్ల మాట అక్షరాలా నిజం. కొండ అంచు దగ్గర ఉన్నప్పుడు వెలుగు చాలా మందమైన గాలి పొరను దాటి రావాలి కాబట్టి పసుపుగా, ఎర్రగా రంగులు మారుతుంది, వణుకుతుంది. పైగా నల్లటి చీకట్లో ఒకే చుక్కను రెప్ప వేయకుండా చూస్తే, కదలకపోయినా అది అటూ ఇటూ జరుగుతున్నట్టే తోస్తుంది. పక్కన పోల్చుకోవడానికి ఏమీ లేనప్పుడు కనుగుడ్ల సన్నటి కదలికను మెదడు వస్తువుకు అంటగడుతుంది.

వార్త బయటికి వచ్చినప్పుడు దేశమంతా నవ్వింది. విదేశీ పత్రికలూ ఆ నవ్వులో కలిశాయి. ఆ నవ్వు నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. తాడును చూసి పామనుకున్నారని ఎగతాళి చేయడం తేలికే, కాపలా ఉన్నది పాములు తిరిగే చోట అని మరిచిపోతే. థాకుంగ్‌కు దగ్గర్లోనే చుశూల్ ఉంది, రెజాంగ్ లా ఉంది. 1962 నవంబరు 18న మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వంలోని కుమావూన్ దళం అక్కడే ప్రాణాలొడ్డి పోరాడింది. ఆ బృందంలో అత్యధికులు తిరిగి రాలేదు. ఇక 2013 ఏప్రిల్‌లో, ఈ వెలుగుల విచారణ నడుస్తున్న కాలంలోనే, చైనా సైనికులు దౌలత్ బేగ్ ఓల్డీ సమీపాన డెప్సాంగ్‌లోకి వచ్చి గుడారాలు వేశారు. మూడు వారాల ఉద్రిక్తత తర్వాత గానీ కదల్లేదు. అలాంటి గట్టు మీద నిలబడ్డ జవాను అనుమానం వచ్చిన ప్రతిదాన్నీ పైకి చెప్పాల్సిందే. గ్రహమేలే అని వదిలేసినవాడు ఏదో ఒక రోజు నిజమైన డ్రోన్‌నూ వదిలేస్తాడు.

అమెరికా అనుభవం చూడండి. 2023 ఫిబ్రవరి మొదట్లో మోంటానా మీదుగా పోతున్న చైనా బెలూన్‌ను మామూలు జనం కూడా తలెత్తి చూశారు. ఫిబ్రవరి 4న దాన్ని కూల్చారు. ఆ తర్వాత రాడార్లను మరింత సున్నితంగా మార్చేసరికి వారం అటూఇటూగా ఇంకో మూడు వస్తువులు కంటపడ్డాయి, వాటినీ కూల్చారు. అవి బహుశా ప్రైవేటు సంస్థలవో, పరిశోధకులవో అయి ఉంటాయని తర్వాత అధ్యక్షుడు బైడెనే చెప్పాల్సి వచ్చింది. అదే దేశపు వైమానిక దళం ఇలాంటి వస్తువుల మీద ‘ప్రాజెక్ట్ బ్లూ బుక్’ పేరిట 1969 దాకా విచారణ నడిపింది. 1947 నుంచి వచ్చిన 12,618 కేసుల్లో 701 తేలకుండా మిగిలాయి. ఆ ప్రాజెక్టుకు సలహాదారైన ఖగోళవేత్త అలెన్ హైనెక్ మొదట ఇవన్నీ కొట్టిపారేసినవాడే. పోనుపోను, విచారణే సరిగ్గా జరగడం లేదని ఆయనే విమర్శించాడు. 2023 సెప్టెంబరులో నాసా నియమించిన 16 మంది సభ్యుల బృందం చెప్పిందీ దాదాపు అదే. నాణ్యమైన వివరాలు లేని చోట ఎంత పెద్ద శాస్త్రవేత్త అయినా ఏమీ తేల్చలేడు.

మన నెత్తిన

హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బెలూన్ కేంద్రం ఉంది. అక్కడి నుంచి ఎగిరే భారీ బెలూన్లు పరికరాలు మోసుకుంటూ ముప్పై కిలోమీటర్లు దాటి పైకి వెళ్తాయి. అంత ఎత్తులో ఉన్న బెలూన్ మీద మనకంటే ముందే పొద్దు పొడుస్తుంది. కింద ఇంకా చీకటిగా ఉండగానే పైన అది మెరుస్తూ ఉంటుంది. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్లలో పొలంలోకి పెద్ద గోళం లాంటి పెట్టె దిగితే జనం చుట్టూ మూగారు. స్పెయిన్‌కు చెందిన హేలో స్పేస్ సంస్థ, పర్యాటకుల్ని అంతరిక్షపు అంచుకు తీసుకెళ్లే ప్రయత్నంలో హైదరాబాద్ నుంచి పంపిన ఖాళీ క్యాప్సూల్ అది. అదే ఏడాది ఏప్రిల్ 2 రాత్రి మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ మీదుగా నిప్పుల వరుస సాగిపోయింది. తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న చంద్రపూర్ జిల్లా లాడ్‌బోరీలో పెద్ద లోహపు వలయం పడింది. చైనా రాకెట్ శకలమై ఉంటుందని నిపుణులు లెక్క కట్టారు.

మీకూ ఏదైనా కనిపిస్తే వీడియో తీసి పంపేయడంతో ఆగకండి. వేళ నిమిషాలతో సహా రాయండి. ఏ దిక్కున లేచింది, ఎటు పోయింది రాయండి. చేయి చాచి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. నేల నుంచి ఎన్ని పిడికిళ్ల ఎత్తులో ఉందో కొలవండి. ఫొటోలో ఇంటి గోడో కొబ్బరి చెట్టో పడేలా చూడండి, పక్కన ఏ చుక్క ఉందో గమనించండి. మర్నాడు అదే వేళకు అదే చోట మళ్లీ చూడండి. అక్కడే ఉంటే సగం విచారణ అయిపోయినట్టే.

ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ 1977 నుంచి ఇలాంటి ఫిర్యాదుల్ని విచారించే విభాగం నడుపుతోంది. 2007 నుంచి ఆ ఫైళ్లను జనం ముందు పెడుతోంది. మన సైన్యమూ థాకుంగ్ పట్టికను, పోస్టుల స్థానాలు తెలిసే వివరాలు తీసేసి, తేదీ, వేళ, దిక్కు, ఎత్తు మాత్రం ఉంచి విశ్వవిద్యాలయాలకు ఇవ్వాలి. ఏ తేదీన ఏ వేళకు ఏ గ్రహం ఎక్కడ ఉందో చెప్పే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ ఉంది. ఉస్మానియాలోనో ఆంధ్రా యూనివర్సిటీలోనో ఎమ్మెస్సీ చదివే పిల్లలు ఒక్కో వరుసనూ ఆకాశంతో సరిపోల్చి 329 నమోదుల్లో గురుడివెన్ని, శుక్రుడివెన్ని, రెంటికీ చెందనివి ఏమైనా మిగిలాయా తేల్చగలరు. మిగిలితే, విచారించాల్సినవి అవే.