పెక్కు కంప్యూటర్లు ఒక్కటిగా పనిచేయుట ఎట్లు?

కొల్లేటికి నీరు ఒక్క త్రోవను రాదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలైన ఏరులును, కృష్ణా గోదావరీ డెల్టాల పొలములనుండి వచ్చు మురుగుకాలువలును అందులో చేరును. సముద్రమునకు పోవు ముఖ్యమార్గము ఉప్పుటేరు. వచ్చు త్రోవలు పెక్కు. పోవు త్రోవ ఇరుకు. అందుచేత ఎగువను పెద్దవాన కురిసినపుడు లంకగ్రామములవారు తెలిసికొనగోరునది ఒక్కటే: నీరు ఎంత ఎత్తుకు, ఎప్పటికి వచ్చును? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని పెక్కు పేటలు మునిగినపుడు ఆ ప్రశ్న విలువ అందరికిని తెలిసివచ్చినది. బుడమేటి నీరు దిగువకు సాగి చేరునది కొల్లేటిలోనే.

ఈ ప్రశ్నకు కంప్యూటరు చెప్పు జవాబు వరదకంటె ముందుగా రావలెను. నీరు ఇంటిలోనికి వచ్చిన పిమ్మట అందిన జవాబు ఎంత సరియైనదైనను ఉపయోగము లేదు. ఒక యంత్రమునకు వ్యవధి చాలనపుడు పది, నూరు, వేయి యంత్రములను కలిపి ఒకే పనికి పూన్చుదురు. ఇట్టి కూటమికి క్లస్టరు అని పేరు. దానిని వాడువారికి అది ఒకే యంత్రమువలె కనిపించునట్లు చేయుటయే ఇందలి నేర్పు.

లెక్క ఎంత పెద్దది?

సముద్రమట్టమునకు 5 అడుగుల ఎత్తుగల హద్దులోపల కొల్లేటి అభయారణ్య వైశాల్యము 308 చదరపు కిలోమీటర్లు. దీనిని 100 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పుగల గడులుగా విభజించిన 30,800 గడులు వచ్చును. ప్రతి గడిలోను నీటిమట్టమును, ప్రవాహవేగమును లెక్కకట్టవలెను. కొన్ని సెకనుల తరువాత ఏమగునో తెలిసికొనుటకు మరల అన్ని గడులలోను లెక్కచేయవలెను. ఇట్లు కొన్ని దినముల వరకు సాగవలెను.

ఒక గట్టు తెగినచో ఏ వీధి మునుగునో చెప్పుటకు 100 మీటర్ల గడి చాలదు. 10 మీటర్ల గడులు తీసికొన్నచో వాని సంఖ్య 30,80,000 అగును. గడి చిన్నదైనకొలది కాలపు అడుగులును చిన్నవి కావలెను. లేనిచో నీరు ఒకే అడుగులో పెక్కు గడులను దాటిపోయి లెక్క చెడును. గడులు 100 రెట్లు, అడుగులు 10 రెట్లు అగుటచే మొత్తము పని సుమారు 1,000 రెట్లు పెరుగును. ఒక యంత్రము ఇంత భారము మోయలేకపోవుటకు కారణమిదియే.

గడులను పంచుట

ఇట్టి పనిని పంచుటకు ఒక సుళువున్నది. ఒక గడిలోని నీరు చుట్టునున్న గడులపై మాత్రమే వెంటనే ప్రభావము చూపును. కావున 16 యంత్రములకు తలకు 1,92,500 గడుల చొప్పున పంచిపెట్టవచ్చును. ఒక్కొక్క భాగము చతురస్రమనుకొన్న, దాని అంచులలోని గడులు సుమారు 1,750 మాత్రమే. లోపలి గడుల లెక్క ఎవరిది వారు చేసికొందురు. అంచుగడుల విలువలను మాత్రము ప్రతి అడుగునకును పొరుగు యంత్రమునకు తెలుపవలెను. చెప్పుకొనవలసినది పనిలో నూటికి ఒక పాలుకూడ లేదు.

అయితే యంత్రములను 1,925కు పెంచినచో తలకు 1,600 గడులే వచ్చును. వానిలో అంచుగడులు సుమారు 160. అనగా నూటికి పది. పంచినకొలది పని తగ్గుచున్నను మాటలు పెరుగుచున్నవి. ఒక హద్దు దాటిన తరువాత యంత్రములు లెక్కచేయుటకంటె వార్తకొరకు కాచుకొనుటలోనే ఎక్కువ కాలము గడపును.

1994లో అమెరికాలోని నాసా గొడార్డ్ కేంద్రములో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ అనువారు 16 సాధారణ కంప్యూటర్లను సాధారణ తీగలతో కలిపి బేవుల్ఫ్ అను క్లస్టరును నిర్మించిరి. భారతదేశములో 1988లో ఏర్పడిన సి-డాక్ సంస్థ పెక్కు ప్రాసెసర్లను కలిపి 1991లో పరమ్ 8000ను సిద్ధపరచినది. విదేశీ సూపర్ కంప్యూటరు దొరకుట కష్టమైన కాలములో పని పంచుకొను చిన్న ప్రాసెసర్లే దారి చూపినవి.

ఒక్కటిగా కనిపించుట అనగా నేమి?

పూర్వము విజయవాడలో పడవ ఎక్కినవాడు కాలువ మార్గముననే ఏలూరు మీదుగా గోదావరి చెంతకు చేరగలిగెడివాడు. కృష్ణ కాలువయు గోదావరి కాలువయు ఏలూరువద్ద కలియును. పడవలోని వానికి అది ఒకే జలమార్గము. కాని నీటిమట్టములు వేరువేరుగా నుండుటచే లాకులవద్ద పడవ ఆగవలసివచ్చెడిది. అతుకు కంటికి కనబడకున్నను ఆలస్యరూపమున తెలిసెడిది. క్లస్టరు స్థితియు ఇట్టిదే.

ఒకే యంత్రమను భావము కలిగించుటకు ముఖ్యముగా నాలుగు ఏర్పాట్లు కావలెను. మొదటిది, వాడువాడు ఒక్క పేరుతో, ఒక్క సంకేతపదముతో లోపలికి పోగలుగుట. రెండవది, ఏ యంత్రమునుండి చూచినను ఒకే ఫైళ్లు కనిపించుట. మూడవది, పనులన్నియు ఒకే వరుసలో నిలువగా, ఖాళీగానున్న యంత్రములకు వానిని అప్పగించు ఏర్పాటు. నాల్గవది, అన్నిటికంటె కష్టమైనది: నడుచుచున్న పనిని ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు ఆపకుండ తరలించుట.

1980 దశాబ్దిలో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున లోకస్ అను వ్యవస్థయు, జెరూసలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయమున అమ్నోన్ బరాక్ బృందముచే మోసిక్స్ అను వ్యవస్థయు ఈ దిశలో రూపొందినవి. మోసిక్స్‌లో తరలిపోయిన పనికి పుట్టినచోట ఒక ప్రతినిధి మిగిలియుండును. ఒక గుమాస్తా పొరుగూరికి బదిలీయైనను అతని ఉత్తరములు ఇంకను పాత ఊరికే వచ్చుచున్నట్లు, కొన్ని వ్యవహారములు ఆ ప్రతినిధి ద్వారానే జరుగవలెను. తరచుగా ఉత్తరములు వచ్చు పనికి ఇట్టి బదిలీ లాభించదు.

దూరము దాగదు

అతుకును పూర్తిగా దాచుట ఏల కష్టమో ఒక చిన్న లెక్క చెప్పును. ఏలూరులో 8 యంత్రములును, 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఏర్పడిన తాడేపల్లిగూడెములో 8 యంత్రములును కలిపి ఒక్క క్లస్టరు చేసినారనుకొనుడు. రెండు ఊళ్ల నడుమ దూరము సుమారు 50 కిలోమీటర్లు. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. వార్త వెళ్లి జవాబు వచ్చుటకు సెకనులో 2,000వ వంతు పట్టును. ఒక యంత్రము తన జ్ఞాపకశాలనుండి ఒక విలువను తెచ్చుకొనుటకు పట్టునది సుమారు సెకనులో కోటవ వంతు. అనగా తాడేపల్లిగూడెమును ఒక్కసారి అడుగులోపల ఏలూరు యంత్రము తన జ్ఞాపకశాలను 5,000 సార్లు చూడగలదు. ఎంత నేర్పరియైనను కాంతివేగమును పెంచలేడు. అందుచే వరదలెక్కవంటి పనికి యంత్రములన్నిటిని ఒకే గదిలో చేర్చి ప్రత్యేకమైన తీగలతో కలుపుదురు. అప్పుడు ఆ ఆలస్యము సెకనులో పదిలక్షలవ వంతుకు ఒకటి రెండు మాత్రమే యుండును.

కావుననే కాలక్రమమున ఒక రాజీ కుదిరినది. మోసిక్స్ నుండి పుట్టిన ఓపెన్ మోసిక్స్ ప్రయత్నము 2008లో ముగిసినది. ఒకే చిప్పులో పెక్కు ప్రాసెసర్లు చౌకగా లభించుటచే దాని అవసరము తగ్గినది. 1994లో వెలువడిన ఎం.పి.ఐ. అను ప్రమాణము వేరు మార్గము చూపినది. ద్వారము ఒక్కటి, ఫైళ్లు ఒక్కటి, వరుస ఒక్కటి. కాని ఏ వార్త ఏ యంత్రమునకు ఎప్పుడు పోవలెనో ప్రోగ్రాము వ్రాయువాడే చెప్పును. వాడువానికి అతుకు కనబడదు, వ్రాయువానికి కనబడును. హైదరాబాదు ఐ.ఐ.టి.లో నెలకొల్పిన పరమ్ సేవ గరిష్ఠశక్తి సెకనుకు 838 లక్షల కోట్ల లెక్కలు. వాతావరణ సూచనలకొరకు 2024 సెప్టెంబరులో ప్రారంభమైన అర్క, అరుణిక యంత్రములును ఇట్లు పని పంచుకొనునవే.

పంచరాని పని

పనిలో కొంతభాగము పంచుటకు వీలుకానిది ఉండును. వానకొలతలను మొదట చదువుట, ఫలితములను చివర కూర్చుట అట్టివి. ఒక యంత్రముపై 20 గంటలు పట్టు లెక్కలో 2 గంటలు ఇట్టి పని అనుకొనుడు. 10 యంత్రములు పెట్టిన మిగిలిన 18 గంటలు 1.8 గంటలగును, మొత్తము 3.8. యంత్రములు 100 అయినను మొత్తము 2.18 గంటలకు తగ్గదు. వేయి పెట్టినను 2 గంటలు తప్పవు. దీనిని 1967లో జీన్ ఆమ్డాల్ ఎత్తిచూపెను. కొత్త యంత్రములు కొనుటకంటె ఆ 2 గంటల పనిని సవరించుటయే ఒక్కొక్కప్పుడు మేలు.

ఒక యంత్రము చెడినచో

యంత్రములు పెరిగినకొలది వానిలో ఏదో ఒకటి చెడు అవకాశమును పెరుగును. అందుచే ప్రతి యంత్రమును కొద్ది వ్యవధిలో నేనున్నానని వార్త పంపుచుండును. వార్త ఆగిన, దాని పనిని ఇతరములకు అప్పగింతురు. లెక్క స్థితిని మధ్యమధ్య భద్రపరచుటచే మొదటినుండి మరల చేయనక్కరలేదు.

కాని చెడినది యంత్రమా, తీగయా? తీగ తెగినచో రెండు భాగములును ఎదుటివారు లేరని తలచి ఒకే ఫైలును ఎవరిష్టమున వారు మార్చవచ్చును. ఒకరి మాట ఒకరికి అందని ఇద్దరు లస్కర్లు ఒకే కాలువ తలుపులను చెరియొక విధముగ తిప్పినట్లగును. దీనికి మార్గము సగముకంటె ఎక్కువమంది ఉన్న పక్షమే పని సాగించవలెనను నియమము. 16లో 9 ఒకవైపు, 7 ఒకవైపు ఉన్న 9 సాగును, 7 ఆగును. చెరి 8 అయినచో రెండును ఆగవలెను. అందుచే ఓటు వేయు యంత్రముల సంఖ్య బేసిగా నుంచుదురు.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఉపాధ్యాయులు దీనిని కంప్యూటర్లు లేకయే చూపవచ్చును. ఒక వరుసలో 12 గడులు గీసి నీటిమట్టములుగా అంకెలు వ్రాయవలెను. కొనలనున్న రెండు అంకెలు మారవు. మిగిలిన ప్రతి గడిలోను కొత్త అంకె, తన అంకెకును ఇరుపొరుగుల అంకెలకును సగటు. మొదట ఒక విద్యార్థి ఐదు అడుగులు లెక్కచేయగా పట్టిన కాలము వ్రాసికొనవలెను. తరువాత నలుగురికి మూడేసి గడులు పంచి, అంచు అంకెలను చీటీలపై మాత్రమే పంపుకొనుమనవలెను. పిదప పన్నెండుగురికి ఒక్కొక్క గడి ఇచ్చిచూడవలెను. నలుగురు ఒక్కనికంటె త్వరగా ముగింతురేమో, పన్నెండుగురు చీటీలతోనే సతమతమగుదురేమో గడియారము చెప్పును. చివరకు ఒక విద్యార్థిని లెక్క మధ్యలో బయటికి పంపి, మిగిలినవారు దానిని ఎట్లు పూర్తిచేయుదురో వారినే ఆలోచింపుమనవలెను.