మడత మంచానికి రబ్బరు పరుపు ఎంత మందం ఉండాలి?

జపాను వాళ్ళు 'ఫుటాన్' అనే పలచని దూది పరుపును రాత్రి నేలమీద పరుచుకుని, పొద్దున్నే మడిచి అలమరలో పెట్టేస్తారు. ఆ పేరే పడమటి దేశాలకు వెళ్ళి, కింద ఒక చెక్క చట్రం తగిలించుకుని, పగలు సోఫా, రాత్రి పడక అయ్యే మడత మంచంగా మారింది. ముందుగది ఒక్కటే ఉన్న ఇళ్ళకు అనువైన సామాను కాబట్టి మా పాతపట్నం లాంటి ఊళ్ళలో కూడా ఇది కనిపిస్తోంది.

పదో తరగతి అమ్మాయి ఒకతె ఈమధ్య నన్నడిగింది: "మాస్టారూ, మా మామ్మకు నడుం నొప్పి. మడత మంచం మీదికి ఆరంగుళాల లేటెక్స్ పరుపు కొందామంటున్నారు నాన్న. మందం ఎక్కువుంటే సుఖం ఎక్కువంటున్నారు. రోజూ మడిచేది మాత్రం అమ్మ. అది మడత పడుతుందా?"

మంచి ప్రశ్న. పరుపుల కొట్టువాడి కంటే మీ లెక్కల పుస్తకమే దీనికి బాగా జవాబు చెబుతుంది.

ముందు లేటెక్స్ అంటే ఏమిటో చూద్దాం. అది చెట్టు పాలు. మర్రి ఆకు తుంచినా, జిల్లేడు కొమ్మ విరిచినా కారే తెల్లని పాలు ఈ జాతివే. ఉద్దానం పనసకాయలు కోసినవాళ్ళకు వాటి జిగురు సంగతి వేరే చెప్పాలా? చేతికి నూనె రాసుకోనిదే కత్తి పట్టరు. పరుపుకు వాడేవి రబ్బరు చెట్టు పాలు. మన దేశంలో ఈ చెట్లు ఎక్కువగా కేరళలో ఉన్నాయి. పాలలో సుమారు మూడోవంతు రబ్బరు, మిగిలింది చాలావరకు నీరే.

పచ్చి రబ్బరు వేడికి జిగటగా, చలికి బిరుసుగా అయిపోతుంది. 1839లో అమెరికాలో ఛార్లెస్ గుడ్‌ఇయర్ దానికి గంధకం కలిపి వేడిచేసి ఈ బాధ తప్పించాడు. రబ్బరు అణువులు పొడవైన గొలుసుల వంటివి. గంధకం ఆ గొలుసుల మధ్య అక్కడక్కడ వంతెనలు కడుతుంది. అందుకే సాగదీసి వదిలితే గొలుసులన్నీ మళ్ళీ మొదటి చోటికి వస్తాయి. ఇక 1929లో ఇంగ్లండులోని డన్‌లప్ కంపెనీలో మర్ఫీ అనే పరిశోధకుడు రబ్బరు పాలను బాగా గిలక్కొట్టి నురగ తెప్పించి, ఆ నురగను అలాగే గట్టిపరచాడు. మన లేటెక్స్ పరుపు అదే. దాని నిండా సన్నని బెజ్జాలు వరసగా ఉంటాయి, గమనించారా? నురగలో గాలి ఉంటుంది గనుక వేడి లోపలికి సరిగా పోదు. అందుకని అచ్చులో లోహపు పుల్లలు అమర్చి, వాటి ద్వారా నురగ నడిమికి వేడి పంపుతారు. ఆ పుల్లల గుర్తులే ఈ బెజ్జాలు.

ఇప్పుడు మడత సంగతి. బడి మైదానంలో పరుగుపందెం ట్రాక్ గుర్తుచేసుకోండి. బయటి గీతలో పరుగెత్తేవాడిని కొంత ముందు నిలబెడతారు. ఎందుకు? వంపులో బయటి దారి పొడవెక్కువ. ఒక్కో వరస వెడల్పు 1.22 మీటర్లయితే, పూర్తి చుట్టుకు తేడా 2 × 3.14 × 1.22, అంటే దాదాపు 7.7 మీటర్లు. మైదానం చిన్నదైనా పెద్దదైనా ఈ తేడా మారదు. వరస వెడల్పు ఒక్కటే దాన్ని నిర్ణయిస్తుంది.

పరుపు కూడా అంతే! వరస వెడల్పు బదులు పరుపు మందం వేసుకోండి. సోఫాగా మార్చినప్పుడు పరుపు పావు చుట్టు వంగుతుంది. లోపలి వంపుకూ బయటి వంపుకూ తేడా మందానికి 1.57 రెట్లు. 15 సెంటీమీటర్ల (ఆరంగుళాల) పరుపుకు అది 23 సెంటీమీటర్ల పైనే. పూర్తిగా రెండుగా మడిస్తే 47. అంత తేడా రావాలంటే బయటి పొర సాగాలి, లోపలి పొర నలగాలి. చట్రం ఎంత చక్కగా చేసినా, మడత ఎంత మెల్లగా తిప్పినా ఈ తేడా నుంచి తప్పించుకోలేం.

శ్రమ లెక్క ఇంకా ఘోరం. ఒకే ముక్కగా ఉన్న వస్తువును వంచడానికి కావలసిన బలం సుమారుగా మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. మందం రెట్టింపయితే ఎనిమిది రెట్లు!

మరి దూది పరుపు ఎలా మడత పడుతోంది? మీ నోటుపుస్తకం వంచి చూడండి. కాగితాలు ఒకదానిమీద ఒకటి జారి, అంచులు మెట్లు మెట్లుగా వస్తాయి. అదే కాగితాలన్నీ జిగురుతో అంటించేస్తే అట్టలా బిగుసుకుంటుంది. దూది పోగులు ఒకదానికొకటి అంటుకుని లేవు, జారతాయి. దూదికి వేరే తంటా ఉంది. నలిగి నలిగి ఉండలు కడుతుంది, మళ్ళీ ఏకించాలి. రబ్బరు నురగ ఉండకట్టదు, కానీ జారదు కూడా.

ఉపాయం నోటుపుస్తకంలోనే దొరికింది. నాలుగంగుళాల దిమ్మ ఒకటి కొనే బదులు, రెండంగుళాల షీట్లు రెండు అంటించకుండా ఒకే గలీబులో పెట్టించండి. ఒక్కో షీటు వంచడానికి పట్టేది ఎనిమిదో వంతు బలం. రెండూ కలిపితే నాలుగో వంతు. కింద గట్టి షీటు, పైన మెత్తనిది వేస్తే నడుముకు ఆనిక, ఎముకలకు మెత్తదనం రెండూ కుదురుతాయి. రెండంగుళాల షీటు ఒక్కటే వేస్తే? పక్కకు తిరిగి పడుకున్న మనిషి తుంటికి చట్రం బద్దలు తగులుతాయి. నన్నడిగితే మడత మంచానికి నాలుగంగుళాలు చాలు. రోజూ మడవక్కరలేని మంచమైతే ఆరంగుళాలు నిరభ్యంతరంగా కొనుక్కోవచ్చు.

బరువు మరిచిపోకండి. లేటెక్స్ నురగ ఘనపు మీటరుకు సుమారు 75 కిలోలు తూగుతుంది. కొంచెం అటూ ఇటూ ఉంటుంది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఆరంగుళాల మందం అంటే 12 ఘనపుటడుగులు, 0.34 ఘనపు మీటరు. పాతిక కిలోల బియ్యం బస్తా అన్నమాట! రోజూ పొద్దున్న దాన్ని ఎత్తేది ఆ అమ్మాయి వాళ్ళమ్మ. నాలుగంగుళాలదైతే 17 కిలోలు. ఈ లెక్క కొట్లో కూడా పనికొస్తుంది. టేపుతో కొలిచి, తూకం వేయించి, సాంద్రత కట్టండి. ఘనపు మీటరుకు 30 కిలోలే వస్తే అది మామూలు పాలియురితేన్ ఫోము అయివుండవచ్చు. సాంద్రత సరిపోయినా, రబ్బరు పాలు ఎంత శాతం, కృత్రిమ లేటెక్స్ ఎంత శాతం అని అడగాల్సిందే. తూకంలో ఆ తేడా తెలియదు.

చట్రం పైభాగం నిండు చెక్కగా కాక, సందులున్న బద్దలతో ఉండాలి. మన వానాకాలపు చెమ్మలో గాలి ఆడని పరుపు అడుగున బూజు పడుతుంది.

చెమ్మ అనగానే ఎండ గుర్తుకొస్తుంది. దూది పరుపును మిద్దె మీద ఎండబెట్టడం మన అలవాటు. లేటెక్స్ పరుపుకు ఆ పని చేయకూడదు. నీడలో గాలికి ఆరబెట్టాలి. రబ్బరు గొలుసుల్లో ఉండే ద్విబంధాలను ఎండ, గాలిలోని ఆక్సిజను కలిసి పాడుచేస్తాయి. పైపొర బిరుసెక్కి పొడిపొడిగా రాలుతుంది. గాలిలో స్వల్పంగా ఉండే ఓజోను ఆ ద్విబంధాలనే తెంచుతుంది. సాగి ఉన్న రబ్బరులో ఆ తెగిన చోట చీలిక నోరు తెరుచుకుంటుంది, సాగని రబ్బరులో తెరుచుకోదు. అందుకని పరుపును రోజుల తరబడి మడిచి ఉంచకూడదు. చుట్టాలు వచ్చినప్పుడే పరిచే ఇళ్ళలో పరుపు మడత దగ్గరే ముందు పాడవుతుంది.

నమ్మకం కుదరకపోతే రెండు రబ్బరు బ్యాండ్లు తీసుకోండి. ఒకటి సీసా చుట్టూ బిగుతుగా తగిలించండి, రెండోది పక్కన వదులుగా పెట్టండి. రెండూ ఆరుబయట ఉంచి, కొన్ని వారాల తరువాత భూతద్దంతో చూడండి. బిగించిన దానిమీద సన్నని చీలికలు, సాగిన దిశకు అడ్డంగా కనిపిస్తాయి.