రాతిని చెక్కు యంత్రమునకు ఎట్టి పనిముట్టు తగును?

మీ వంటయింటి గట్టుమీద పరచిన రాతిపలకను ఒకసారి పరికించి చూడుడు. నీళ్ల తొట్టి దిగుటకై తొలిచిన రంధ్రపు మూలలు గుండ్రముగను, అంచు అద్దమువలె నున్నగను ఉండవచ్చును. వీధితలుపు ప్రక్కనున్న పేరుపలకపై అక్షరములన్నియు ఒకే లోతున దిగియుండవచ్చును. ఇట్టి పనులను నేడు పెక్కుచోట్ల సి.ఎన్.సి. రౌటరు అను యంత్రము చేయుచున్నది. నిమిషమునకు వేలకొలది చుట్లు తిరుగు కదురును కంప్యూటరు తాను నిర్ణయించిన దారిలో నడిపించును. కొయ్యపనిలో పేరు పొందిన ఈ యంత్రమును రాతిమీదికి తెచ్చినప్పుడు, యంత్రముకన్న దాని కొనను బిగించు వ్రేలెడు పనిముట్టే ముఖ్యమగును.

కొయ్యను కోయవచ్చును. రాతిని కోయుట యన్నది మాటవరుసకే. కొయ్యనుండి పొట్టు రేకులుగా లేచును. రాతినుండి రాలునది పొడి. నిజమునకు ఇది కోత కాదు, సానపట్టుట. కనుక పనిముట్టు ఎంత పదునైనదని కాక, ఎదుటి రాతికన్న ఎంత గట్టిదని మొదట అడుగవలెను. 1812లో ఫ్రీడ్రిక్ మోస్ అను ఖనిజశాస్త్రజ్ఞుడు ఏర్పరచిన పది మెట్ల కొలత ఇచట ఉపకరించును. సున్నపురాతిలోని కాల్సైటు 3వ మెట్టున, ఫెల్డ్‌స్పారు 6వ మెట్టున, పలుగురాయి 7వ మెట్టున, వజ్రము 10వ మెట్టున నిలుచును. యంత్రములలో వాడు టంగ్‌స్టన్ కార్బైడు 9కి దరిదాపున ఉండును. కార్బైడు ములికి బలపపురాతిపైనను చలువరాతిపైనను అక్షరములు చెక్కుటకు చాలును. పలుగురాయి మెండుగాగల గ్రానైటుపై చూచుచుండగనే మొండియగును.

అంగడి పేరును నమ్మి పనిముట్టు కొనరాదు. చీమకుర్తిలో దొరకు బంగారుచుక్కల నల్లరాతిని వర్తకులు గ్రానైటు అందురు. భూగర్భశాస్త్రజ్ఞులు గాబ్రో జాతిలో చేర్తురు. అందు పలుగురాయి దాదాపు లేదు. అయినను ఫెల్డ్‌స్పారు మొదలగు ఖనిజములు దట్టముగా పెనవేసికొనియున్నందున దానికిని వజ్రమే కావలెను. తాండూరు, బేతంచెర్ల పలకలు సున్నపురాయి. కొంచెము పొడి గీకి నిమ్మరసము చిలికినచో బుడగలు లేచును. ఇంత సులభమైన పరీక్ష చేయక పనిముట్లు పాడుచేసికొనువారు లేకపోలేదు.

వజ్రమనగానే నగలలోని మణిని తలపవలదు. 1954లో అమెరికాలోని జనరల్ ఎలెక్ట్రిక్ పరిశోధనాలయమున కృత్రిమ వజ్రము చేయబడెను. తరువాత పనిముట్లకు చాలిన వజ్రపు పలుకులు కార్ఖానాలలోనే తయారగుచున్నవి. వీనిని ఉక్కు కాడపై నికెలు పూతతోనో, కరగించిన లోహముతోనో ఒకే పొరగా అతికింపవచ్చును. ఇది చవుక, పదును చురుకు, కాని ఆ పొర అరిగిన పిమ్మట పనిముట్టును పారవేయవలసినదే. లేదా లోహపు పొడిలో పలుకులను కలిపి కాల్చి ముద్దచేయవచ్చును. అట్టిదానిలో పైపలుకు రాలగనే లోపలిది బయటపడి పని సాగించును.

ఇచటనే పెక్కుమంది పొరబడుదురు. గట్టి రాతికి గట్టి లోహపు పట్టు కావలెనని తోచుట సహజము. జరుగునది వేరు. గట్టి గ్రానైటు వజ్రపు పలుకుల మొనలను అరగదీయును గాని, దాని మెత్తని పొడి చుట్టునున్న లోహమును అంతగా తినదు. మొండి పలుకులు రాలక, క్రొత్తవి పైకి రాక, పనిముట్టు మెరుగెక్కి జారిపోవును. అందుచే గట్టిరాతికి మెత్తని పట్టు తగును. ఇసుకరాయి ఇందుకు విరుద్ధము. దాని గరుకు రజను లోహమును త్వరగా తినివేసి, ఇంకను పదునున్న పలుకులను రాల్చును. దానికి గట్టి పట్టు కావలెను. రామప్ప దేవాలయమున గోడలు ఇసుకరాయి, మదనికలు డోలరైటు అను గట్టి నల్లరాయి. ఆ రెండింటిని ఒకే పనిముట్టుతో యంత్రముపై చెక్కబూనినవాడు ఏదో ఒకచోట నష్టపోవును. మెరుగెక్కిన పనిముట్టును గరుకు సానదిమ్మపై కొంతసేపు నడిపినచో పదును మరల వచ్చును.

వేగమునుగూర్చి కొంచెము లెక్క చూడవలెను. ఆరు మిల్లీమీటర్ల ములికి నిమిషమునకు 24,000 చుట్లు తిరిగినను దాని అంచు సెకనుకు ఏడున్నర మీటర్లే నడచును. నూరు మిల్లీమీటర్ల చక్రము అదే వేగమున తిరిగినచో 125 మీటర్లు, అది ప్రాణాపాయము. దానికి 5,000 చుట్లు చాలును. ములికి నడిబిందువునకు వేగమే లేదు కనుక నిట్టనిలువుగా గ్రుచ్చక, ఏటవాలుగా దించవలెను. ఒక్కొక్క మారు మిల్లీమీటరులో కొద్దిపాటి లోతునే తీయవలెను. నీరు ధారగా పడుచుండవలెను. గాలిలో సుమారు 700 డిగ్రీల వేడిమికి వజ్రము సైతము దగ్ధము కాసాగును.

నీటివలన మరియొక ప్రయోజనము కలదు. ఇది మనుష్యునికి సంబంధించినది. పలుగురాతి సన్నని ధూళి ఊపిరితిత్తులలో చేరినచో సిలికోసిస్ కలుగును. ఆ వ్యాధిని నయము చేయు మందు లేదు. వంటగట్లకు వాడు కృత్రిమ రాతిపలకలు కొన్నింటిలో నూటికి 90 పాళ్లకు పైగా పలుగురాతి పొడి కలదు. పనివారు జబ్బుపడుట చూచి ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుండి అట్టి పలకల వాడుకను నిషేధించెను. తొట్టి రంధ్రమును మీ వరండాలో పొడికోత కోయించుటకన్న, కొలతలిచ్చి, కార్ఖానాలో నీటిధార క్రింద కోయించి తెప్పించుకొనుట మేలు. అచటను రాతిబురదను తడిగా ఉండగనే ఎత్తివేయవలెను. ఎండినచో అది మరల ధూళియే.