పొరపాటు ఎక్కడ దాగుంటుంది?

హాస్టలు మిద్దె ఎక్కి శ్రీహరికోట రాకెట్లు చూడనివాళ్ళం మనలో లేము. 2006 జూలై 10న అక్కడ నుంచి ఎగిరిన జీఎస్ఎల్వీ-ఎఫ్02 నిమిషం దాటేసరికి ముక్కలై సముద్రం పాలయింది. ఇన్సాట్-4సి ఉపగ్రహమూ దాంతోనే పోయింది. పక్కనుండే నాలుగు ఇంజన్లలో ఒకదాని రెగ్యులేటరు తయారీలో పొరపాటు జరిగిందనీ, తనిఖీల్లో అది బయటపడలేదనీ విచారణ కమిటీ తేల్చింది.

పనిమంతుడి చేతిలో పొరపాటు ఎందుకు జరుగుతుంది? విమానాల మరమ్మతులో ఈ సంగతిని ప్రత్యేకంగా చదువుతారు. దాన్నే హ్యూమన్ ఫ్యాక్టర్స్ అంటారు.

1990 జూన్ 10న ఇంగ్లండులో ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం 17,300 అడుగుల ఎత్తులో ఉండగా కెప్టెన్ ముందరి అద్దం ఊడిపోయింది. ఆయన సగం బయటికి వెళ్ళిపోతే సిబ్బంది పట్టుకొని ఆపారు. విచిత్రం, అందరూ బతికారు! ఆ అద్దం బిగించి అప్పటికి 27 గంటలే. 90 బోల్టుల్లో 84 సన్నవి. తేడా అంగుళంలో 0.026 వంతు. బిగించినాయన అనుభవం లేనివాడు కాదు, షిఫ్టు మేనేజరు. తెల్లవారుజాము వేళ, మసక వెలుతురులో, కళ్ళద్దాలు లేకుండా, పాత బోల్టు పక్కన పెట్టి చూపుతోనే కొత్తవి ఎంచాడు. స్టోరు ఆయన వేరే సైజు చెప్పాడు గానీ గట్టిగా పట్టుబట్టలేదు. రెండో మనిషి చూడాలన్న నిబంధన ఆ పనికి లేనేలేదు.

మేనకూరు సెజ్‌లో రాత్రి షిఫ్టు చేసే మన అన్నలకు ఆ వేళ కళ్ళు ఎలా ఉంటాయో మేము చెప్పనక్కర్లేదు.

శ్రీహరికోట కమిటీ తయారీ, తనిఖీ పద్ధతులను కట్టుదిట్టం చేయమంది. 2007 సెప్టెంబరు 2న జీఎస్ఎల్వీ-ఎఫ్04 మీద ఇన్సాట్-4సీఆర్ వెళ్ళింది.