కొత్త వీడియో డిస్కులు గిట్టుబాటయ్యేనా?

రాజంపేట : కువైట్ నుంచి సెలవు మీద వచ్చే మనిషి పెట్టెలో ఏమేమి ఉన్నాయోనని ఇంటిల్లిపాదీ ఎదురుచూడటం రాజంపేట, పుల్లంపేట, చిట్వేలు, నందలూరు ప్రాంతాల్లో కొత్త సంగతి కాదు. టేప్ రికార్డరు, వీడియో డెక్కు, సీడీ ప్లేయరు, డీవీడీ ప్లేయరు ఇక్కడి పల్లెల్లో చాలా ఇళ్లకు ఆ పెట్టెల్లోనే చేరాయి. ఇప్పుడు అదే వరుసలో బ్లూరే, 4కె డిస్కుల మాట వినవస్తోంది. పెద్ద టీవీ కొన్న ఇంటివారు దానికి తగిన ప్లేయరు కూడా తెప్పించుకుంటే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్నారు. ఎడారి ఎండలో సంపాదించిన దినారు అయినా, అరటి తోటలో కష్టపడి తెచ్చుకున్న రూపాయి అయినా ఖర్చు పెట్టే ముందు లెక్క చూసుకోవడం మంచిది. ఈ డిస్కుల వల్ల ఒరిగేదెంత, పోయేదెంత?

డెక్కు నుంచి డిస్కు దాకా

జపాన్‌లో 1975లో సోనీ కంపెనీ బీటామ్యాక్స్ క్యాసెట్టును, 1976లో జేవీసీ కంపెనీ వీహెచ్‌ఎస్ క్యాసెట్టును మార్కెట్లోకి దించాయి. రెండింటి పోటీలో వీహెచ్‌ఎస్ గెలిచింది. మన దేశంలో 1982 ఢిల్లీ ఆసియా క్రీడలతో రంగుల టీవీ వచ్చింది. దాని వెనుకే వీడియో డెక్కు పల్లెకు దిగింది. సొంతంగా కొనలేని ఊళ్లు టీవీ, డెక్కు అద్దెకు తెచ్చుకుని, చావడి ముందు పెట్టుకుని తెల్లవార్లూ వరుసగా మూడు సినిమాలు చూసేవి. పెళ్లికి వీడియో తీయించడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది.

డిస్కు అంతకు ముందే పుట్టింది. 1978లో అమెరికాలో గ్రామఫోను రికార్డంత పెద్ద లేజర్ డిస్కు విడుదలైంది. ఖరీదు ఎక్కువ, పైగా దాని మీద ఇంట్లో రికార్డు చేసుకునే వీలు లేదు. అది మన పల్లె ముఖం చూడనేలేదు. మన వద్దకు వచ్చిన మొదటి వీడియో డిస్కు వీసీడీ. దాని కొలతలు 1993లో ఖరారయ్యాయి. ఒక్కో డిస్కులో పట్టేది 74 నిమిషాల బొమ్మ మాత్రమే. రెండున్నర గంటల తెలుగు సినిమాకు రెండు, ఒక్కోసారి మూడు డిస్కులు కావలసి వచ్చేవి. ఫైటింగు మధ్యలో బొమ్మ ఆగిపోతే ఎవరో ఒకరు లేచి డిస్కు మార్చవలసిందే.

1996 నవంబరులో జపాన్‌లో డీవీడీ మొదలైంది. ఒకే పొర ఉన్న డిస్కులో 4.7 జీబీ, రెండు పొరలదైతే 8.5 జీబీ పడుతుంది. సినిమా మొత్తం ఒకే డిస్కులో ఇమిడింది. అయినా ధర మాత్రం చాలాకాలం సామాన్యుడికి అందలేదు. ఢిల్లీకి చెందిన మోజర్ బేయర్ కంపెనీ సినిమా డిస్కుల వ్యాపారంలోకి దిగి వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మడంతో పరిస్థితి మారింది. అద్దెకు తెచ్చుకునే మనిషి కొనుక్కోగలిగాడు. ఆ కంపెనీ కూడా చివరకు అప్పుల పాలై, 2018లో దివాలా కోర్టు ఉత్తర్వుతో మూతపడింది.

సన్న బలపం సంగతి

బ్లూరే డిస్కు 2006లో వచ్చింది. చూడటానికి డీవీడీ మాదిరే ఉంటుంది. అయితే డీవీడీని చదివేది ఎర్ర కాంతి, బ్లూరేను చదివేది నీలం, ఊదా కలిసిన కాంతి. ఈ కాంతి అల సన్నం. పలక అదే అయినా లావు బలపంతో రాస్తే నాలుగు ముక్కలే పడతాయి, సన్న బలపంతో రాస్తే పద్యమంతా పడుతుంది. అలాగే అదే కొలత డిస్కులో బ్లూరే ఒక పొరకు 25 జీబీ, రెండు పొరలకు 50 జీబీ పట్టించింది. దానికి పోటీగా తోషిబా కంపెనీ తెచ్చిన హెచ్‌డీ డీవీడీ 2008 ఫిబ్రవరిలో ఓటమి ఒప్పుకుని తప్పుకుంది. ఆ ప్లేయరు ముందే కొన్నవారికి నష్టం తప్పలేదు. 2016లో వచ్చిన 4కె డిస్కులో 50 నుంచి 100 జీబీ దాకా పడుతుంది.

డీవీడీ బొమ్మ అడ్డం 720, నిలువు 576 చుక్కలతో ఉంటుంది. బ్లూరేలో అవి 1920, 1080. 4కెలో 3840, 2160. అంటే బ్లూరే బొమ్మలో డీవీడీకి ఐదు రెట్లు, 4కె బొమ్మలో బ్లూరేకు నాలుగు రెట్లు చుక్కలు ఉన్నట్టు. అంకెలు వింటే నోరూరుతుంది. అయితే చూడవలసింది కన్ను కదా.

కంటికి ఆనేదెంత?

మామూలు చూపున్న మనిషి కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కన్నా చిన్న ఎడాన్ని విడదీసి చూడలేదు. ఈ లెక్కన 43 అంగుళాల టీవీ తీసుకుంటే, దాని మీద బ్లూరే చుక్క దాదాపు అర మిల్లీమీటరు ఉంటుంది. ఐదున్నర అడుగుల దూరం దాటి కూర్చుంటే ఆ చుక్క విడిగా కనపడదు. అంతకన్నా సన్న చుక్కలు పెట్టినా కన్ను పట్టుకోలేదు. మన ఇళ్లల్లో గోడకు టీవీ, ఎదుటి గోడ దగ్గర మంచమో సోఫానో ఉంటుంది. ఎనిమిది, పది అడుగుల ఎడం మామూలే. అక్కడ కూర్చుంటే 43 అంగుళాల టీవీ మీద 4కె డిస్కు, బ్లూరే డిస్కు మధ్య సన్నదనంలో తేడా తెలియదు.

డీవీడీకీ బ్లూరేకూ మధ్య తేడా మాత్రం అదే టీవీ మీద పది అడుగుల దాకా తెలుస్తుంది. 65 అంగుళాల టీవీ కొని, ఎనిమిది అడుగుల లోపల కూర్చునేవారికే 4కె చుక్కలు పనికివస్తాయి. 4కె డిస్కులో వెలుగునీడలు, రంగులు మరింత నిండుగా ఉండే ఏర్పాటు కూడా ఉంది. అది కనపడాలంటే టీవీకి తగినంత వెలుగునిచ్చే శక్తి ఉండాలి. చౌక రకం టీవీకి పెట్టె మీద 4కె అని రాసి ఉన్నా ఆ శక్తి ఉండదు.

సినిమా ఏదన్నది మరో సంగతి. కడప జిల్లా బిడ్డ బి.నాగిరెడ్డి, చక్రపాణి కలిసి నిర్మించిన 1957 నాటి మాయాబజార్ వంటి చిత్రాన్ని ఫిల్ము మీద తీశారు. ఫిల్ములో డీవీడీకి అందని వివరం ఉంటుంది. మూల ఫిల్మును శుభ్రం చేసి మళ్లీ కొత్తగా ఎక్కిస్తే పాత సినిమా కూడా బ్లూరేలో వెలిగిపోతుంది. అలా కాక, పాత వీడియోనే సాగదీసి కొత్త డిస్కులో పోస్తే సీసా మారుతుంది గానీ సారా మారదు.

ఖర్చు లెక్క

4కె డిస్కు ఆడించే ప్లేయరు ధర పదివేలు దాటిన మాట. తెలుగు సినిమాలు ఈ కొత్త డిస్కుల్లో దొరికేవి బహు తక్కువ. విదేశాల నుంచి తెప్పించుకుంటే రవాణా, సుంకం కలిసి ఒక్కో డిస్కు వేల రూపాయల్లో పడుతుంది. నాలుగు డిస్కుల ధరకు ఒక చిన్న హార్డ్ డిస్కు వస్తుంది.

తయారీదారులే వెనక్కు తగ్గుతున్నారన్నది మరో హెచ్చరిక. 2018లో ఒప్పో, 2019లో శాంసంగ్ కొత్త ప్లేయర్ల తయారీ నుంచి తప్పుకున్నాయి. 2024లో ఎల్‌జీ కూడా మానుకుంది. ఇంట్లో రాసుకునే ఖాళీ బ్లూరే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. ఈరోజు కొన్న ప్లేయరు పదేళ్లకు పాడైతే బాగుచేయించడం, వేరొకటి కొనడం రెండూ కష్టమే.

కువైట్‌లో కొనేవారు మరో విషయం గమనించాలి. డిస్కులకూ ప్లేయర్లకూ ప్రాంతాల వారీగా తాళాలు ఉన్నాయి. డీవీడీలో కువైట్‌ది రెండో ప్రాంతం, మన దేశానిది ఐదోది. బ్లూరేలో కువైట్‌ది బి, మనది సి. అక్కడి ప్లేయరులో మన ప్రాంతానికి తాళం వేసిన డిస్కు పెడితే ఆడదు. తాళం లేని డిస్కులు కూడా ఉన్నాయి, 4కె డిస్కులకు అసలు ఈ తాళమే లేదు. అయినా డిస్కు అట్ట వెనుక గుర్తు చూడకుండా కొనరాదు. కరెంటు వోల్టేజీతో ఇబ్బంది లేదు గానీ అక్కడి ప్లగ్గుకు పలకల పిన్నులు ఉంటాయి కాబట్టి వేరే సాకెట్టు కావాలి.

ఇంటర్నెట్టు ఉండగా డిస్కు దేనికి?

2016 సెప్టెంబరులో జియో వచ్చిన తరువాత పల్లెలో సినిమా చూసే పద్ధతే మారిపోయింది. పాత తెలుగు సినిమాలు ఎన్నింటినో హక్కుదార్లే యూట్యూబులో పెట్టారు. కొత్తవి ఓటీటీల్లో వస్తున్నాయి. ఒక్క సినిమా కోసం వేలు పోసి డిస్కు కొనేకన్నా నెల చందా చౌక అనడంలో సందేహం లేదు.

కానీ డిస్కు పక్షాన కూడా రెండు మాటలు చెప్పాలి. ఓటీటీలో సినిమా అద్దె ఇల్లు వంటిది. ఒప్పందం తీరితే ఆ సినిమా అక్కడ నుంచి మాయమవుతుంది, చందా కట్టినవాడికి అడిగే హక్కు లేదు. డిస్కు సొంత ఇల్లు. సిగ్నలు లేకపోయినా, కంపెనీ మూతబడినా అది ఆడుతుంది. రెండోది నాణ్యత. ఓటీటీలో 4కె బొమ్మకు గంటకు 7 జీబీ దాకా ఖర్చవుతుంది. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల సెల్‌ఫోను ప్యాకుతో అది జరిగే పని కాదు. అందుకని బొమ్మను కుదించి పంపుతారు. డిస్కుకు ఆ కుదింపు బాధ తక్కువ. చీకటి దృశ్యాల్లోనూ, శబ్దంలోనూ ఆ తేడా తెలుస్తుంది.

మొత్తం మీద పెద్ద టీవీ, మంచి స్పీకర్లు ఉండి, ఇష్టమైన పది, పదిహేను సినిమాలు శాశ్వతంగా దాచుకోవాలనే అభిమానికి బ్లూరే దండగ కాదు. మామూలు కుటుంబానికి మాత్రం బ్లూరే అవసరం లేదు, 4కె అసలే గిట్టుబాటు కాదు.

అసలు కాపాడవలసినవి

అయితే డిస్కుల మీద డబ్బు పెట్టవలసిన అవసరం ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉంది. దాని గురించి ఆలోచించేవారు తక్కువ. బీరువాలో పట్టుచీరల కింద పెళ్లి క్యాసెట్టు, పెళ్లి డీవీడీ ఉంటాయి. ఏళ్ల తరబడి పరాయి దేశంలో ఉన్న కొడుకు పెళ్లిలో నవ్విన నవ్వు, ఇప్పుడు లేని అవ్వ అక్షింతలు వేసిన చెయ్యి అందులోనే ఉన్నాయి. సినిమా డిస్కు పోతే మరొకటి దొరుకుతుంది. ఇది పోతే బజారులో దొరకదు.

కంపెనీ అమ్మే సినిమా డిస్కులో గుంటలను ప్లాస్టిక్కు మీదనే అచ్చుపోస్తారు. స్టూడియోవారు రాసి ఇచ్చే డిస్కు అలాంటిది కాదు. అందులో ఒక రంగు పూత ఉంటుంది, లేజరుతో ఆ పూతను మాడ్చి రాస్తారు. ఎండ, వేడి, తేమ ఆ పూతకు శత్రువులు. నలభై డిగ్రీలు దాటే మన ఎండాకాలంలో రేకుల ఇంట్లో, అటక మీద పడివున్న డిస్కు త్వరగా పాడవుతుంది. బొమ్మ గళ్లుగళ్లుగా విరగడం, ఒకే చోట ఆగిపోవడం దానికి తొలి సూచన. క్యాసెట్టుకు బూజు పడుతుంది. పైగా వాటిని ఆడించే డెక్కులు కొత్తవి లేవు. ప్రపంచంలో చివరిదాకా తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జూలైలో ఆపేసింది.

ఎండే కాదు, నీరూ శత్రువే. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట గ్రామాల మీద పడిన సంగతి ఇక్కడివారెవరూ మరువలేరు. మనుషులు పోయారు, ఇళ్లు కొట్టుకుపోయాయి. ఇల్లే పోయిన చోట బీరువాలోని జ్ఞాపకం మిగలదు. ఏదైనా ఒకే చోట ఉంచరాదని ఆ వరద నేర్పింది.

చేయవలసిన పని

పెళ్లి డీవీడీ ఆడుతుండగానే కంప్యూటరులో పెట్టి, అందులోని 'వీడియో టీఎస్' ఫోల్డరును మొత్తంగా కాపీ చేసుకోవాలి. వీసీడీ అయితే 'ఎంపెగ్ ఏవీ' ఫోల్డరులో బొమ్మ ఉంటుంది. 64 జీబీ పెన్‌డ్రైవులో నిండు డీవీడీలు పదమూడు దాకా పడతాయి. క్యాసెట్టులైతే డెక్కు ఉన్న స్టూడియోకు ఇచ్చి ఎక్కించుకోవాలి. వీటిని ముందు చూసుకోవాలి, ఎందుకంటే డెక్కులు ఏటికేడు తగ్గిపోతున్నాయి.

పెన్‌డ్రైవు కూడా చిరంజీవి కాదు. కరెంటు తగలకుండా ఏళ్లతరబడి పడివుంటే అందులోని రాత చెరిగిపోవచ్చు. అందువల్ల ఒక కాపీ ఇంట్లో హార్డ్ డిస్కులో, మరొకటి వేరే ఊరిలోని బంధువుల ఇంట్లోనో, కువైట్‌లో ఉన్నవారి వద్దనో ఉంచాలి. ఏడాదికి ఒకసారి పండుగ నాడు తెరిచి, ఆడుతున్నదీ లేనిదీ చూసుకోవాలి. కాపీ తీశాం కదా అని పాత డిస్కును పారవేయరాదు. అంచులు పట్టుకుని ఎత్తి, నిలువుగా పెట్టెలో పెట్టి, చల్లని చోట దాచాలి.

ఇంట్లో పాత డీవీడీ ప్లేయరు ఉంటే దాన్ని కూడా తీసివేయనవసరం లేదు. కొత్త టీవీల్లో కొన్నింటికి పసుపు, ఎరుపు, తెలుపు తీగలు పెట్టే రంధ్రాలు ఉండవు. హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న పెట్టె కొంటే అదే ప్లేయరు కొత్త టీవీకి పనిచేస్తుంది.

కొత్త డిస్కు కోసం దాచిన డబ్బులో కొంత ఈ పనికి పెడితే చాలు. టీవీ ముందు పిల్లలు తమ తాతను చూడగలిగితే, ఆ బొమ్మలో ఎన్ని చుక్కలున్నాయని లెక్కపెట్టేవారు ఉండరు.